గుండుతోపు ఎక్కడుండేది?



జూజువాడి పేరు చెప్తే చాలామందికి గుర్తొచ్చేది చెక్‌పోస్టు. బెంగళూరు నుంచి వచ్చే పెద్దరోడ్డు అత్తిబెలె దాటి తమిళనాడులోకి అడుగుపెట్టేది మా ఊరి దగ్గరే. వరసకట్టిన లారీలు, వాటి వెనక కంపెనీ బస్సులు, ఆ వెనక సిప్కాట్ పారిశ్రామికవాడ ఫ్యాక్టరీల గోడలు. దుకాణాల బోర్డులు అటు కన్నడం, ఇటు తమిళం. పాత ఇండ్లలోకి తొంగి చూస్తే మాత్రం అవ్వ మనవణ్ణి పిలిచేది తెలుగులో. మొరసునాడు అని మా పెద్దవాళ్లు చెప్పుకున్న సీమ ఇది.

ఈ ఊళ్లో ముప్పై ఏళ్లకు పైగా ఉన్నాను. పిల్లలకు పాఠాలు చెప్పాను. ఒకరోజు ఐదో తరగతిలో, మీరు చూసిన ఉద్యానవనం గురించి పది వాక్యాలు రాయమన్నాను. సగం మంది లాల్‌బాగ్ గురించి రాశారు. కొందరు పలకరించినా పలకలేదు, రాయడానికి వాళ్లకు ఏమీ లేదు. ఒక పాప మాత్రం రెండే వాక్యాలు రాసింది: మా ఊళ్లో ఉద్యానవనం లేదు, మేము చెరువుకట్ట మీద ఆడుకుంటాము. ఎర్ర పెన్ను చేతిలో ఉంది. ఆ రెండో వాక్యం దగ్గర ఆగిపోయాను. ఆ పాప అడిగినదానికి జవాబు రాయలేదనుకోవాలా? అసలైన జవాబు రాసింది ఆ పాప ఒక్కతేనా?

అప్పటి నుంచి ఆదివారాలు మా ఊరి చుట్టుపక్కల తిరగడం అలవాటు చేసుకున్నాను. మొదట ఒక్కణ్ణే పోయేవాణ్ణి. తర్వాత బడి పిల్లలు వెంటబడ్డారు. ఆ తిరుగుడులో చూసిందీ విన్నదీ మీతో పంచుకుంటాను.

ముందు లాల్‌బాగ్ సంగతి చెప్పాలి, ఎందుకంటే మా పిల్లల మనసులో పార్కంటే అదే. 1760లో హైదరాలీ మొదలుపెట్టించిన తోట. ఇవాళ 240 ఎకరాలు. గాజు మేడ, పూల ప్రదర్శన, పెద్ద పెద్ద మాన్లు అన్నీ గొప్పవే. అయితే ఆ తోటలో నాకు ఎక్కువ ఇష్టమైనది ఎవరూ నాటనిది, అక్కడి బండ. మూడు వందల కోట్ల ఏళ్ల నాటి రాయి అది. తోట కంటే, ఊరి కంటే, చెట్టు పుట్టుక కంటే ముందుది. దాని మీద కూచోవడానికి జనం ఎండలో కూడా ఎక్కుతారు. మా జూజువాడి నుంచి ఆ బండ దగ్గరికి 30 కిలోమీటర్లకు పైమాటే. బస్సు దొరికి, సిల్క్‌బోర్డు జంక్షను దాటి, అక్కడికి చేరేసరికి సగం పూట అయిపోతుంది. వారమంతా ఫ్యాక్టరీలో నిలబడి పనిచేసిన మనిషి ఆదివారం సగం బస్సులో నిలబడి పోయి చెట్టు నీడ చూసి రావాలంటే ఆ నీడ అతనిది కాదు. నీడ ఇంటికి నడిచిపోయేంత దూరంలో ఉండాలి.

నడిచిపోయేంత దూరంలో మాకేముంది అని వెతికితే మొదట ఎదురైనది ఆ పాప రాసిన చెరువే.

సాయంత్రం ఐదున్నర తర్వాత మా చెరువుకట్ట ఎక్కి చూడండి. ఒకవైపు నీళ్లు, ఇంకోవైపు ఒకప్పటి ఆయకట్టు. అక్కడ ఇప్పుడు మూడంతస్తుల ఇండ్లు లేచాయి. కట్ట మీద కానుగ చెట్లు. నీటి అంచున జమ్ము. ఆ జమ్ములోంచి బుడుబుంగ ఒకటి బయటికి వస్తుంది, మనల్ని చూడగానే బుడుంగుమని మునుగుతుంది. ఎక్కడ తేలుతుందో పందెం కాస్తారు పిల్లలు. ఎవరూ గెలవరు, అది ఎప్పుడూ అనుకోని చోటే తేలుతుంది. కరెంటు తీగ మీద లకుముకి కదలక మెదలక ఉంటుంది. ఎండిన కొమ్మ మీద నీటికాకి రెక్కలు చాచి ఆరబెట్టుకుంటూ ఉంటుంది, ఉతికి ఆరేసిన నల్లగుడ్డలాగా.

మనుషులు కూడా వస్తారు. షిఫ్టు దిగిన పిల్లలు మెడలో ఐడీ కార్డు తియ్యకుండానే వచ్చి కూచుంటారు. బూట్లు విప్పి, మేజోళ్లు బూట్లలో కుక్కి, కాళ్లు గడ్డిలో పెడతారు. ఒడిశా నుంచి, బీహార్ నుంచి వచ్చినవాళ్లు ఊరికి ఫోన్ చేసుకునేది అక్కడే. వీడియోలో అమ్మకు నీళ్లు చూపిస్తారు. పది మంది పడుకునే గదిలో ఆ మాటలు మాట్లాడుకోలేరు. ఆ కట్టకు టికెట్ లేదు, గేటు లేదు, మూసే వేళ లేదు. పార్కు చేసే పని ఇంతకంటే ఏముంటుంది?

చెరువును పార్కు అనుకోవడం కొత్త కావచ్చు గాని, చెరువు అందరిదనుకోవడం పాతదే. ఒక చెరువు నిండి మరవ పారితే ఆ నీళ్లు కాలువ వెంబడి కింది చెరువుకు పోవాలి, అది నిండితే ఆ కిందిదానికి. మా ఊరి పక్కన పెద్ద నది లేదు. ఉన్నది ఈ చెరువుల గొలుసే. తూము ఎప్పుడు ఎత్తాలో, ఎవరి మడికి ఎంతసేపు నీళ్లో చూసేవాణ్ణి నీరుగంటి అనేవాళ్లు. పైరు ఇంటికి రాగానే అతనికి కళ్లంలోనే ఇంత గింజ కొలిచేవాళ్లు. ఆయకట్టు ఇండ్లయ్యాక నీరుగంటికి పని లేదు. నీరుగంటి పోయాక కాలువను కనిపెట్టుకునే మనిషి లేడు. గట్టి వాన కురిస్తే నీళ్లు తమ పాత దారిని వెతుక్కుంటూ వీధుల్లోకి వస్తాయి. అప్పుడందరం చెరువును తిట్టుకుంటాం.

చెరువుతోపాటు ఒకప్పుడు ప్రతి ఊరికీ ఇంకో మూడు ఉండేవి. రావి, వేప కలిపి నాటి, చుట్టూ రాళ్లతో కట్టిన అశ్వత్థకట్ట ఒకటి, దాని మొదట్లో నాగప్రతిమలు. పశువులు మేసే గోమాళం ఒకటి. మూడోది గుండుతోపు. మన ఆంధ్రలో మామిడితోపు, తాటితోపు అంటాం గాని గుండుతోపు అనే మాట ఈ మొరసునాటి మాట, కన్నడంలోనూ అదే. ఊరి పక్కన అందరికీ ఉమ్మడిగా పెంచిన చెట్ల గుంపు. చింత, మామిడి, నేరేడు, పనస, కానుగ. దారిన పోయే బండ్లు మధ్యాహ్నం ఎద్దులు విప్పి ఆగేది అక్కడ. పెళ్లివారి విడిది అక్కడ. సంత అక్కడ. కాపు వేలం వేస్తే వచ్చిన డబ్బు ఊరి ఖర్చుకు. మునిసిపాలిటీ అనే మాట ఎవరూ ఎరగని రోజుల్లో మునిసిపల్ పార్కు అంటే అదే.

పక్క పల్లెలో ఒక అవ్వ ఉంది. వయసు ఎనభై దాటింది. గుండుతోపు ఎక్కడుండేది అవ్వా అని అడిగాను.

"గుండుతోపా? ఇదో, ఈ గేటు ఉండాది చూడు నాయనా, ఈడ్నించి ఆ గోడౌను దాకా తోపే. చింతమాన్లు ముప్పయ్యారు. మామిడిమాన్లకి లెక్క లేదు."

"ముప్పై ఆరని అంత గట్టిగా ఎట్లా చెప్తావు?"

"లెక్కబెట్టకుంటే ఎట్లా? చింతకాయ రాలే కాలంలో మానుకొక ఇల్లు అని పంచుకుంటా ఉంటిమి. మాది తూరుపు దిక్కు నుంచి ఆరోది."

అని కర్ర ఎత్తి చూపించింది. ఆమె కర్ర చూపిన చోట ఒక టిప్పర్ ఆగి ఉంది. ఆమె కంటికి మాత్రం ఆరో చింత కనబడుతూనే ఉందని నాకు తెలుస్తోంది. ఒకటి, రెండు అని కర్రతో గాలిలో లెక్క పెట్టుకుంటూ వచ్చి సరిగ్గా టిప్పర్ మీద ఆపింది.

రెవెన్యూ కాగితాల్లో ఈ భూములన్నింటికీ ఉన్న పేరు పోరంబోకు. చెరువు పోరంబోకు, మేత పోరంబోకు, తోపు పోరంబోకు. పన్ను కట్టే పట్టా భూమికి బయటిది, ఎవరి సొంతమూ కానిది, అంటే అందరిదీ అని దానర్థం. అదే మాట తెలుగులో ఎట్లా మారిందో చూడండి. పనీపాటా లేనివాణ్ణి పోరంబోకు అని తిడతాం. అందరిదీ అయిన నేలను ఎవరిదీ కాని నేలగా, ఎందుకూ పనికిరాని నేలగా చూడటం నేర్చుకున్నాం. మాట చెడిన తర్వాత నేలను చెరపడం తేలికైపోయింది. ఖాళీగా ఉంది కదా అన్నాం. అది ఖాళీగా ఎప్పుడూ లేదు. దానిలో నీడ ఉంది, మేత ఉంది, చింతకాయ ఉంది, పెళ్లివారి విడిది ఉంది.

అట్లాంటి నేలను నిలబెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. అమెరికాలో బోస్టన్ నగరం నడిబొడ్డున బోస్టన్ కామన్ అని ఒక పార్కు ఉంది. ఆ దేశంలోకెల్లా పాతది అంటారు. 1634లో ఊరివాళ్లు పశువుల మేతకని ఉమ్మడిగా పెట్టుకున్న బీడు అది. 1830 దాకా అక్కడ ఆవులు మేశాయి. అంటే అది వాళ్ల గోమాళం. ఊరు పెరిగి మహానగరమైనా బీడును ముక్కలు చెయ్యలేదు, ఆవులు పోయిన చోట మనుషులు నడిచారు, అంతే. మన గోమాళాలకూ ఆ భాగ్యం పట్టి ఉండవచ్చు. మా దగ్గర అట్లాంటి విశాలమైన పచ్చిక ఎట్లా ఉండేదో చూడాలంటే మత్తిగిరి వైపు పోవాలి. 1824లో తెల్లదొరల కాలంలో పెట్టిన పశువుల ఫారం అక్కడ ఇంకా ఉంది. లోపలికి పోయి తిరగలేం గాని ఆ రోడ్డు మీద పోతుంటే చెట్ల వెనక పచ్చిక కనబడుతుంది, గాలి మారుతుంది. సైకిల్ మీద పోయేవాళ్లకు ఆ తేడా ఒంటికే తెలుస్తుంది.

మా పక్కనే ఉన్న హోసూరు ఊరి మధ్యలో రామనాయకన్ చెరువు ఉంది, పొద్దున నడిచేవాళ్లకు అది దిక్కు. దాని గురించి ఎక్కువ చెప్పను, హోసూరువాళ్లందరికీ తెలిసినదే. చంద్రచూడేశ్వరుడి కొండ గురించి మాత్రం చెప్పాలి. మరకతాంబతో కలిసి స్వామి కొండ మీద ఉన్నాడు. ఏటా మార్చి ప్రాంతంలో తేరు లాగుతారు, ఆ రోజు మూడు భాషలూ ఒకే మోకు పట్టుకుంటాయి. నేను చెప్పేది తేరు లేని రోజు గురించి. తెల్లవారుజామున మెట్లెక్కి పైకి పోండి. హోసూరే సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది, ఆ పైన కొండ. మాఘమాసంలో కూడా మంచు మోకాళ్ల దాకా పట్టినట్టుంటుంది. బండ మీద పాదం పెడితే రాత్రి చలి ఇంకా రాతిలోనే ఉంటుంది. సూర్యుడు కొంచెం పైకి రాగానే కింద తేరుపేట కొలను ముందు మెరుస్తుంది, తర్వాత ఫ్యాక్టరీల రేకులు మెరుస్తాయి. అక్కడి నుంచి చూస్తే ఈ ఊరు రాళ్లూ చెరువులూ ఉన్న ఊరని తెలుస్తుంది, ఇండ్లు వాటి నడుమ ఇరికినవని తెలుస్తుంది. నా వెంట వచ్చిన పిల్లలు అక్కడే తమ ఇల్లు వెతికారు, దొరకలేదు. చెరువు దొరికింది. చెరువు దొరికాక దాన్ని పట్టుకుని ఇల్లు దొరికింది.

ఇంక నది. నంది కొండల్లో పుట్టిన దక్షిణ పినాకిని బెంగళూరు తూర్పు పక్కగా దిగి మా దగ్గరికి వస్తుంది. తమిళులు తెన్‌పెణ్ణై అంటారు. హోసూరు దగ్గర కెలవరపల్లి ఆనకట్ట, నీటి ఎత్తు 44.28 అడుగులు. ఆ నీళ్లే కృష్ణగిరి ఆనకట్టకు, సాత్తనూరుకు, చివరికి కడలూరు దగ్గర సముద్రానికి. ఒకసారి పిల్లలను కెలవరపల్లికి తీసుకుపోయాను. ముందు రాత్రి వాన పడింది. గేట్ల దిగువన తెల్లగా, మనిషెత్తు పేరుకుని, గాలికి ముక్కలు ముక్కలుగా ఎగురుతోంది. పిల్లలు మంచు మంచు అని పరుగెత్తారు. దగ్గరికి పోయేసరికి వాసన కొట్టింది. నురగ. బెంగళూరు మురుగు బెళ్లందూరు చెరువులోకి, అక్కడి నుంచి వర్తూరు చెరువుకు, అక్కడి నుంచి ఈ నదిలోకి. బెళ్లందూరు చెరువు మీద 2017లో మంటలు లేచిన సంగతి మీరు వినే ఉంటారు. చెరువు మండటం చూసి దేశమంతా ఆశ్చర్యపోయింది. దాని దిగువన నీళ్లు ఎవరి పొలానికి పారుతున్నాయో అడిగినవాళ్లు తక్కువ. ఆ రోజు ఒక పిల్లవాడు చేతిలోకి నురగ తీసుకున్నాడు. నా సీసాలోని తాగే నీళ్లన్నీ వాడి చేతులు కడగడానికే అయిపోయాయి. పక్కన నది, మా దగ్గర నీళ్లు లేవు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఎవరూ మాట్లాడలేదు.

అయినా అక్కడికి మళ్లీ పోయాను, మీరూ పొమ్మనే అంటాను. పోకపోతే అది ఎవరికీ కనబడదు. ఎగువన కొంగలు, గూడబాతులు దిగిన రోజులు కూడా చూశాను. చెడింది చూడకుండా మిగిలింది చూడలేం.

అడవి సంగతి రెండు మాటల్లో చెప్తాను. చలికాలం రాగి కోతలప్పుడు బన్నేరుఘట్ట అడవి నుంచి ఏనుగులు తళి, జవళగిరి మీదుగా సానమావు వైపు వస్తాయి. ఆ రోజుల్లో అటవీశాఖ వాళ్లు చెప్పిన మాట వినాలి, తెల్లవారుజామున ఆ చుట్టుపక్కల తిరగకూడదు. రాజాజీ పుట్టిన తొరపల్లి ఆ వైపే. ఆయన పుట్టిన ఇల్లు స్మారకంగా ఉంది, పగటి వేళ హాయిగా పోయి రావచ్చు. మనం తోట ఎక్కడుందా అని వెతుక్కుంటున్నట్టే ఏనుగూ తన పాత దారిని వెతుక్కుంటోంది. దాని దారిలో ఇప్పుడు ఆరు వరుసల రోడ్డు ఉంది.

మళ్లీ మా కాలనీకి వస్తాను. జూజువాడి ఒకప్పుడు పంచాయతీ, తర్వాత హోసూరులో కలిసింది, 2019లో హోసూరు కార్పొరేషన్ అయింది. తమిళనాడులో పెద్ద లేఅవుట్ వేస్తే పదో వంతు నేలను పార్కు కోసం వదిలి, దానపత్రం రాసి స్థానిక సంస్థకు అప్పజెప్పాలని నిబంధన ఉంది. మా లేఅవుట్‌లో అట్లాంటి జాగా ఒకటి ఉందని మాలో చాలామందికి తెలియదు. ఒక మూల ఇటుకలు, కంకర, పాత తలుపులు పోసి ఉండేవి. అది ఎవరిదో అనుకుని పదేళ్లు దాని పక్కగా నడిచాం. ఒక పొరుగాయన సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుము కట్టి లేఅవుట్ ప్లాను నకలు తెప్పించాడు. అందులో ఆ మూల మీద ఆకుపచ్చ గీతలు, నడుమ పార్కు అని రాసి ఉంది. అందరం ఆ కాగితం చుట్టూ నిలబడి చాలాసేపు చూశాం.

ఇట్లాంటి నేల కోసం జనం కోర్టుకెక్కి గెలిచిన కథలు ఉన్నాయి. బెంగళూరులో రాజమహల్ విలాస్ ఎక్స్‌టెన్షన్‌లో పార్కుకని వదిలిన జాగాను ఆసుపత్రి కట్టుకోవడానికి ఇచ్చేస్తే అక్కడి నివాసులు ఒప్పుకోలేదు. 1991లో సుప్రీంకోర్టు, పార్కు పార్కుగానే ఉండాలని చెప్పింది. ఆసుపత్రి చెడ్డదని కాదు, మంచి పనికైనా సరే అందరి ఊపిరిని తీసి ఒకరికి ఇవ్వకూడదని. 2011లో పంజాబ్‌లోని ఒక పల్లె కుంట గురించి వచ్చిన తీర్పు ఇంకా ముందుకు పోయింది. ఊరి ఉమ్మడి నేలల్లోని ఆక్రమణలు తీయించే పథకాలు రూపొందించాలని అన్ని రాష్ట్రాలకూ ఆదేశించింది. ఆ కుంటను పూడ్చి ఇండ్లు కట్టుకున్నవాళ్లకు క్రమబద్ధీకరణ ఇవ్వడం చెల్లదంది. ఆ తీర్పు చదివినప్పుడు నాకు అవ్వ చూపిన టిప్పర్ గుర్తొచ్చింది.

మాకు కోర్టు దాకా పోవలసిన పని పడలేదు. అర్జీలు పెట్టాం, తిరిగాం. ఇటుకలు తీసేయడానికి ఏడాది పట్టింది. తలుపులు ఎవరివో తేలలేదు, వాటినే అడ్డంగా పరిచి బెంచీలు చేశాం. ఏ మొక్క నాటాలని వాదన నడిచింది. పూల మొక్కలన్నారు కొందరు, హోసూరంటే గులాబీలే కదా అన్నారు. అవ్వను ఆటోలో తీసుకొచ్చి అడిగాం. ఆమె నేల తొక్కి చూసి, కానుగ పెట్టండి, నీళ్లు పొయ్యకున్నా బతుకుతాది, రెండు చింతలు కూడా పెట్టండి, మీకు కాదు, అంది. పదకొండు కానుగలు, రెండు చింతలు పెట్టాం. ఒక చింత మేక పాలైంది.

దీనికి ఏం పేరు పెట్టాలని కార్పొరేషన్ కాగితం కోసం అడిగారు. పిల్లలు గుండుతోపు అన్నారు. ఆ మాట తమిళంలో ఎట్లా రాయాలో గుమస్తాకు ఒక్కో అక్షరం విడమరిచి చెప్పాం.

మొన్న మధ్యాహ్నం అటుగా పోతుంటే మూడో కానుగ కింద ఒక పిల్లవాడు పడుకుని ఉన్నాడు. ఇరవై ఏళ్లుంటాయేమో. రాత్రి షిఫ్టు చేసి వచ్చినట్టున్నాడు, బూట్లు తలకింద పెట్టుకున్నాడు. నీడ జరిగి ఎండ అతని ముఖం మీదికి వస్తోంది. నిద్రలోనే కొంచెం పక్కకు దొర్లి మళ్లీ నీడలోకి వెళ్లాడు. నేను చప్పుడు చెయ్యకుండా గేటు దగ్గరగా వేసి వచ్చాను.